న్యాయ సందేహాలు: సాక్షి చెప్పిన ‘పచ్చ చొక్కా’ ఏ రంగు?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడికి అవతల ఒక పల్లె. నా మేనల్లుడికి 26 ఏళ్లు, ట్రాక్టరు తోలుకుంటాడు. నిరుడు కార్తీకమాసంలో మా వైపు వారపు సంత ముగిసే వేళ, రాత్రి ఏడున్నర ప్రాంతంలో, సంతను ఆనుకుని ఉన్న గెడ్డ (వాగు) గట్టు మీద ఒక పశువుల వ్యాపారిని ఎవరో ఇద్దరు కత్తితో పొడిచి చంపారు. చూసినవాడు ఒక్కడే, సంత చివర బజ్జీల బండి పెట్టుకున్న మనిషి. ఆ రాత్రి ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని ఇద్దరు’ అని రాశారు. 9 రోజుల తరవాత మావాణ్ణి పట్టుకున్నారు. స్టేషనులో నిలబెట్టి తీసిన ఫోటో ఆ సాయంత్రానికే ఊళ్లో అందరి వాట్సాప్‌లోనూ తిరిగింది. పట్టుకున్న 41వ రోజున జైల్లో గుర్తింపు పరేడ్ జరిపితే ఆ సాక్షి మావాణ్ణి చూపించాడు. మావాడి ఎడమ చెంప మీద చిన్నప్పుడు కాలిన మచ్చ ఉంది. వరసలో నిలబెట్టిన మిగతావాళ్లలో ఒక్కరికీ మచ్చ లేదు. ఇప్పుడు సెషన్స్ కోర్టులో కూడా వేలు చూపించి ‘వీడే’ అన్నాడు. ఆ రోజు సాయంత్రం అయిదింటికి అదే బండి దగ్గర బజ్జీలు తిని ఆరింటికల్లా ఇంటికి వచ్చేశానని మావాడు అంటున్నాడు. సాక్షి తెలుగువాడే గాని, పోలీసులు అతని మాటలు ఒడియాలో రాసుకున్నారు. అందులో హంతకుడి చొక్కా ‘సబుజ’ (ఆకుపచ్చ) అని ఉంది, మా ఇంట్లోంచి పట్టుకెళ్లిన చొక్కా మాత్రం పసుపుది. ఆ రాత్రి మావాడు ఇంట్లోనే ఉన్నాడని చెప్పడానికి నలుగురు బంధువులు సిద్ధంగా ఉన్నారు. ఒక్క మనిషి మాట మీద యావజ్జీవ శిక్ష వేస్తారా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉంది, కాని అది మీకు ఊరట కలిగించేది కాదు: వేయవచ్చు. ఒక విషయాన్ని రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు ఉండి తీరాలన్న నియమం మన చట్టంలో లేదు. పాత సాక్ష్య చట్టం 134వ సెక్షను ఆ సంగతే చెప్పింది, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 139వ సెక్షనూ అదే చెబుతోంది. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు, భర్త హత్యను చూసిన భార్య ఒక్కతే చెప్పిన సాక్ష్యం మీద శిక్షను ఖాయం చేస్తూ, సాక్షులను మూడు తరగతులుగా విడదీసింది: పూర్తిగా నమ్మదగినవారు, బొత్తిగా నమ్మదగనివారు, ఈ రెండింటికీ మధ్యన ఉండేవారు. మొదటి తరగతి సాక్షి ఒక్కడున్నా శిక్షకు చాలు, రెండో తరగతి సాక్షిని పక్కన పెట్టడానికీ ఆలోచన అక్కరలేదు, మూడో తరగతి సాక్షి దగ్గరే కోర్టు ఆగి, అతని మాటను బలపరిచే ఆధారం మరొకటి ఏదైనా ఉందా అని వెతకాలి. మీరు రాసిన వివరాలు నిజమైతే బజ్జీల బండి మనిషి ఈ మూడో తరగతిలోకి వస్తాడు.

అతను అబద్ధాలకోరని నేను అనడం లేదు. మీ ఉత్తరం చదివితే అతనికి మీ మేనల్లుడి మీద పగ ఉన్నట్టు ఎక్కడా కనిపించదు. ఇలాంటి కేసుల్లో ముద్దాయి తరఫు బంధువులు, కొన్నిసార్లు వకీళ్లు కూడా, సాక్షిని అబద్ధాలకోరుగా నిలబెట్టాలని శ్రమపడి, అది కుదరక, ఉన్న మంచి వాదనను కూడా పాడు చేసుకుంటారు. నిజాయితీగా చెబుతున్న మనిషే పొరపాటు పడి ఉండవచ్చునన్నది అసలు వాదన. ఇంగ్లండులో అడాల్ఫ్ బెక్ అనే వ్యక్తిని 1896లోనూ మళ్లీ 1904లోనూ, మొత్తం మీద పదిమందికి పైగా మహిళలు, తమను మోసగించి నగలు కాజేసినవాడు ఇతనేనని ప్రమాణం చేసి చెప్పారు. వాళ్లలో ఎవరికీ అతని మీద కక్ష లేదు, అందరూ నమ్మే చెప్పారు, అందరూ పొరబడ్డారు. అసలు దొంగ 1904లో దొరికాడు. ఆ దేశంలో క్రిమినల్ అప్పీళ్లకు ప్రత్యేకంగా కోర్టు 1907లో ఏర్పడిందంటే అందుకు ఈ కేసు ఒక ముఖ్య కారణం. తరవాత 1976లో టర్న్‌బుల్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు, గట్టిగా చెప్పే సాక్షి కూడా పొరబడవచ్చునని, అలాంటి సాక్షులు పలువురున్నా అందరూ పొరబడవచ్చునని జూరీని హెచ్చరించి తీరాలని నిర్దేశించింది. సాక్షిని ఎంతసేపు చూశావు, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో, మధ్యలో ఏదైనా అడ్డం ఉందా, ఇంతకు ముందు ఆ మనిషిని ఎరుగుదువా, చూసిన రోజుకూ గుర్తుపట్టిన రోజుకూ మధ్య ఎంత కాలం గడిచింది, మొదట చెప్పిన పోలికలకూ ఈ మనిషికీ తేడా ఏమైనా ఉందా అని అడగాలని ఆ తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడి ఉండవు గాని, మీ వకీలుగారు ఈ ప్రశ్నలను కాగితం మీద రాసుకుని ముందు పెట్టుకోవడంలో తప్పు లేదు.

వీటిలో మీ కేసుకు అన్నిటికన్నా ముఖ్యమైనది ‘ఎరుగుదువా’ అన్న ప్రశ్న. ఎరిగినవాణ్ణి చీకట్లో పోల్చుకోవడం వేరు, ఎరగనివాణ్ణి ఒకసారి చూసి జ్ఞాపకం పెట్టుకోవడం వేరు. మన పల్లెల్లో మనిషి నడకను బట్టి, దగ్గును బట్టి, ‘ఎవరది’ అంటే పలికిన గొంతును బట్టి ఫలానావాడని చెప్పేస్తారు. కోర్టులు కూడా దీన్ని ఒప్పుకున్నాయి: పట్నంలో విద్యుద్దీపాలకు అలవాటుపడ్డ కళ్లను కొలబద్దగా పెట్టి, చిన్న దీపాల వెలుగుకు అలవాటైన పల్లెవాసుల చూపును కొలవకూడదని 1997లో కాళికా తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాసిక్యూషన్ వారు ఈ తీర్పును మీ మీద ప్రయోగిస్తారు, కనుక ముందే తెలిసి ఉండడం మంచిది. అయితే పరిచయస్థులను పోల్చుకునే సందర్భంలో ఆ మాటకు ఉన్న బలం, ముక్కూ మొహమూ తెలియని మనిషి విషయంలో ఉండదు. ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని ఇద్దరు’ అని ఉందంటే మీ మేనల్లుడు ఆ రాత్రి సాక్షికి ఎరుకైన మనిషి కాడన్నమాట.

ఇక్కడ బజ్జీల సంగతి వస్తుంది. అయిదింటికి ఆ బండి దగ్గర తిన్నానని మీవాడు చెప్పడం రెండువైపులా పదునున్న కత్తి. మొహం ఎక్కడో చూసినట్టుందన్న జ్ఞాపకం మనిషికి మిగులుతుంది గాని, ఎక్కడ, ఎప్పుడు చూశానన్నది చాలాసార్లు జారిపోతుంది. అయిదింటి వెలుగులో చూసిన మొహాన్ని ఏడున్నర చీకటికి మనసు తనకు తెలియకుండానే అతికించగలదు; సాక్షుల జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చేసినవారు ఈ పొరపాటును బాగా ఎరుగుదురు. మరోపక్క ప్రాసిక్యూషన్ వారు, చూశారా, పగలే దగ్గరనుంచి చూశాడు కనుక రాత్రి సులువుగా పోల్చుకున్నాడంటారు. దానికి జవాబు ఆ రాత్రి రాసిన కాగితంలోనే ఉంది. నిజంగా అలా పోల్చుకుని ఉంటే, ‘సాయంత్రం నా బండి దగ్గర తిన్నవాడే, చెంప మీద మచ్చ ఉన్నవాడే’ అని ఆ మనిషి అప్పుడే చెప్పి ఉండేవాడు. ఇంత గుర్తు చెంప మీద పెట్టుకుని ఎదురుగా నిలబడి తిన్నవాడి గురించి తొలి వాంగ్మూలంలో మచ్చ మాటే లేకపోతే, ఆ మౌనం చాలా దూరం పోతుంది. పోలీసులకు చెప్పిన వాంగ్మూలంలో ఉండి తీరవలసిన ముఖ్య విషయం లేకపోవడం కూడా వైరుధ్యం కావచ్చునని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షను వివరణ చెప్పేది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షనులో ఉంది. ఆ లోపాన్ని సాక్షికి చూపించి అడగాలి, తరవాత దర్యాప్తు అధికారి చేత రుజువు చేయించాలి. ఈ రెండో పని మరచిపోయిన వకీళ్లను నేను చాలామందిని చూశాను. మొదటిది ఎంత బాగా చేసినా రెండోది లేకపోతే ఫలితం ఉండదు.

వెలుతురు సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. బజ్జీల బండికి బల్బు ఉంటుంది, అది తెల్లటి ఎల్‌ఇడి బల్బు అయి ఉంటుంది, బాణలి మీద వేలాడుతూ బండివాడి మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. అలాంటి దీపం కింద గంటల తరబడి నిలబడ్డ మనిషి తల ఎత్తి చీకట్లోకి చూస్తే అతని కంటిపాప అప్పటికి చిన్నదై ఉంటుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పైగా మసక వెలుతురులో మొదట పోయేది రంగు, ఆకారం కనిపిస్తున్నా అది ఏ రంగో తెలియదు. బరంపురంలో ప్రాక్టీసు చేస్తున్న రోజుల్లో ఇలాంటి ఒక కేసు కోసం నేనూ నా జూనియరూ టేపు పట్టుకుని రాత్రిపూట ఒక సంతకు వెళ్లాం. నేను పకోడీల బండి దగ్గర దీపం కింద నిలబడ్డాను, అతను 20 గజాల దూరంలో చెట్టు నీడన అటూ ఇటూ నడిచాడు. రోజూ ఆఫీసులో చూసే మనిషినే, అక్కడ నడుస్తున్న మరో ఇద్దరిలోంచి ఏరుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ రాత్రి పకోడీలకే ఖర్చు ఎక్కువైంది గాని, మర్నాడు అడిగిన ప్రశ్నలన్నీ అక్కడే పుట్టాయి. మీ వకీలుగారు కూడా ఆ స్థలానికి అదే వేళకు వెళ్లడం మంచిది. అవసరమనుకుంటే జడ్జిగారే స్వయంగా ఘటనా స్థలాన్ని చూడవచ్చు. ఉభయ పక్షాలకూ నోటీసు ఇచ్చి వెళ్లి, చూసిన సంగతులను రాసి రికార్డులో పెట్టడానికి నాగరిక్ సురక్షా సంహిత 347వ సెక్షను వీలు కల్పిస్తోంది. దీన్ని అడిగేవారు తక్కువ.

ఇక గుర్తింపు పరేడ్. ఇది దర్యాప్తులో భాగమే తప్ప దానికదే రుజువు కాదు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాటే అసలు సాక్ష్యం. పరేడ్ ఆ మాట నికరమైనదా కాదా అని గీటి చూసే రాయి లాంటిది. 1960లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన వైకుంఠం చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి సాక్షికి కొత్తవాడైనప్పుడు కోర్టులో చూపించడానికి తోడు అంతకు ముందు జరిగిన గుర్తింపు కూడా ఉండడం క్షేమకరమంది. 1979లో కణ్ణన్ కేసులో ఇంకా గట్టిగా, కొత్తవాణ్ణి తొలిసారి కోర్టులోనే చూపిస్తే దానికి విలువే లేదంది. 2003లో మల్ఖాన్ సింగ్ కేసులో మాత్రం ఇది జాగ్రత్త సూత్రమే గాని ఉల్లంఘించరాని శాసనం కాదని, పరేడ్ లేకపోయినా తగిన సందర్భంలో సాక్షిని నమ్మవచ్చునని చెప్పింది. చేయి తిరిగిన ప్రాసిక్యూటరు ఈ చివరిదాన్ని చదువుతాడు, మీ వకీలు మొదటి రెండింటినీ చదువుతాడు. తేల్చవలసింది వాస్తవాలే.

41 రోజుల ఆలస్యాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకండి. ఇన్ని రోజుల్లో జరిపి తీరాలన్న గడువు చట్టంలో లేదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టులు ఒప్పుకున్న సందర్భాలున్నాయి. ఆలస్యం ప్రమాదకరమయ్యేది ఆ మధ్యకాలంలో సాక్షి ముద్దాయిని గాని, అతని ఫోటోను గాని చూసే అవకాశం కలిగినప్పుడు. మీ కేసులో ఆ అవకాశం ఊరందరి జేబుల్లోనూ ఉంది. ఫోటో చూసినవాడు తరవాత వరసలో పోల్చుకునేది గెడ్డ గట్టు మీది మనిషినా, ఫోన్లోని మనిషినా అన్నది అతనికే తెలియదు. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో అత్యాచారానికి గురైన ఒక యువతి, నేరం జరుగుతున్నంతసేపూ నిందితుడి మొహాన్ని శ్రద్ధగా జ్ఞాపకం పెట్టుకుని, మొదట ఫోటోల్లో రోనాల్డ్ కాటన్ అనే వ్యక్తిని, తరవాత వరసలో మళ్లీ అతన్నే చూపించింది. ఫోటోల్లోనూ వరసలోనూ రెండుచోట్లా ఉన్నది అతనొక్కడే. తరవాత అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదురుగా నిలబెడితే, ఇతన్ని ఎన్నడూ చూడలేదంది. 1995లో డిఎన్‌ఎ పరీక్ష కాటన్ నిర్దోషి అని తేల్చేసరికి అతను పదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. మన దగ్గర కూడా, కేరళ నుంచి వచ్చిన గిరీశన్ నాయర్ కేసులో, సాక్షులకు పరేడ్‌కు ముందే ముద్దాయిలను చూసే అవకాశం కలిగిందని తేలినందున ఆ గుర్తింపును నమ్మలేమని 2022 నవంబరులో సుప్రీంకోర్టు శిక్షను కొట్టివేసింది. ఫోటో తిరిగిందన్న సంగతిని మీరు నోటిమాటగా చెబితే చాలదు. ఆ సందేశం వచ్చిన ఫోనును, తేదీ, సమయం చెరిగిపోకుండా దాచిపెట్టండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి, దాన్ని మీ వకీలు సిద్ధం చేస్తారు. ఆ వాట్సాప్ గ్రూపులో బండి మనిషి కూడా ఉన్నట్టు చూపగలిగితే అంతకన్నా మంచిది లేదు.

మచ్చ విషయంలో మీ వాదనకు నిజంగా బలం ఉంది. వరసలో నిలబెట్టేవారు వయసులోను, ఎత్తులోను, ఒంటి తీరులోను ముద్దాయిని పోలినవారై ఉండాలన్నదే పరేడ్‌కు ప్రాణం. కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తు ఉన్నప్పుడు, అలాంటి గుర్తున్న వారినే మరికొందరిని నిలబెట్టడమో, అందరి చెంపల మీదా ఒకే చోట కాగితపు ముక్క అంటించి మచ్చను కప్పడమో మేజిస్ట్రేట్లు చేస్తూ వచ్చిన పద్ధతి. ఈ రెండూ చేయకపోతే అక్కడ జరిగింది పోలిక పట్టడం అవదు, తేడా పట్టడమవుతుంది. మూడేళ్ల పిల్లవాడు కూడా వరసలో మచ్చ ఉన్నవాణ్ణి చూపిస్తాడు. పరేడ్ జరిపిన మేజిస్ట్రేటు సాక్షిగా వచ్చినప్పుడు వరసలోని వారి వివరాలను, మచ్చ కప్పారా లేదా అన్న సంగతిని, ఆ గదిలో పోలీసులు ఎవరైనా ఉన్నారా అన్నదాన్ని అడిగి తీరాలి. పోలీసులు దగ్గరుంటే ఆ గుర్తింపు పోలీసుకు చెప్పిన వాంగ్మూలంతో సమానమైపోతుందని 2020లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన చుంతురామ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇప్పుడు చొక్కా. మీరు దీనిమీద చాలా ఆశ పెట్టుకున్నట్టున్నారు, నేను ఆ ఆశను కొంత తగ్గించక తప్పదు. సాక్షి తెలుగులో ఏమని చెప్పి ఉంటాడు? ‘పచ్చ చొక్కా’ అని ఉంటాడు. మన భాషలో పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు; పచ్చగా పండిన మామిడిపండు ఒక రంగు, పచ్చని చేను ఇంకో రంగు. రాసుకున్నాయన తెలుగు అర్థమయ్యీ అర్థం కాని మనిషైతే ‘సబుజ’ అని రాస్తాడు, అంటే ఆకుపచ్చ. సాక్షి మనసులో ఉన్నది పసుపైతే ఒడియాలో ‘హళదియా’ అని పడాలి. కనుక ఈ తేడా సాక్షి తడబాటు కాకుండా రాసినవారి తడబాటు అయి ఉండవచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దీన్ని పెద్ద గొంతుతో లేవనెత్తితే, సాక్షి ‘బాబూ, నేను పసుపుపచ్చే అన్నాను’ అనేసి, అడగకుండానే ప్రాసిక్యూషన్‌కు మేలు చేసి వెళతాడు. పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం కూడా ఉండదు కనుక అతన్ని దానికి కట్టేయడమూ కష్టమే. ఈ ప్రశ్నను రంగు గురించి కాక వెలుతురు గురించి అడగాలి: ఆ చీకట్లో నీకు చొక్కా రంగు ఎలా తెలిసింది?

భాష సమస్య అంతటితో ఆగదు. ఒడిశాలో కింది కోర్టుల వ్యవహారం తెలుగులో సాగదు గాని, సాక్షి తెలుగులో చెబితే వీలైతే తెలుగులోనే రాసుకోవచ్చునని, లేదంటే కోర్టు భాషలో నిజమైన అనువాదం తయారు చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 312వ సెక్షను చెబుతోంది. ముద్దాయికి అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 314వ సెక్షను చెబుతోంది. పర్లాకిమిడి ప్రాంతం 1936లో ఒడిశా రాష్ట్రంతో కలిసిన నాటినుంచీ ఈ చిక్కు ఉన్నదే. మనవాళ్లు అలవాటుపడి, అడగడం మానేశారు. అడగండి.

నలుగురు బంధువుల సంగతి. వాళ్లు నిజంగా ఆ రాత్రి మీ ఇంట్లో ఉండి, మీవాణ్ణి కళ్లారా చూసి ఉంటేనే బోనెక్కించండి. వేరే చోట ఉన్నానన్న వాదనను రుజువు చేసే బరువు ముద్దాయి మీదే పడుతుంది. అది తేలిపోతే, చట్టప్రకారం నేరం రుజువైనట్టు కాకపోయినా, జడ్జిగారి మనసులో మీ మిగతా వాదనల విలువ కూడా పడిపోతుంది. సాక్షి పొరబడ్డాడన్న శుభ్రమైన వాదన చేతిలో ఉండగా నలుగురు తడబడే చుట్టాలను తెచ్చి దాని పక్కన నిలబెట్టడం నాకు నచ్చదు.

మీరు రాయనివి కొన్ని ఉన్నాయి, తీర్పు వాటి మీద ఆధారపడవచ్చు. చొక్కా మీద నెత్తురు మరకలున్నాయా, అది మృతుడి నెత్తురేనని ప్రయోగశాల చెప్పిందా? మీవాడు చూపించిన చోట కత్తి దొరికిందని పంచనామా ఉందా? ఆ రాత్రి అతని ఫోను ఏ టవరు కింద ఉంది? రెండో మనిషి ఎవరు? వ్యాపారి దగ్గరి డబ్బు ఎవరి చేతికి వెళ్లింది? వీటిలో ఒకటి రెండైనా మీవాడివైపు వేలు చూపిస్తే, ఇంతసేపూ నేను చెప్పిన బలహీనతలన్నిటినీ కోర్టు పక్కన పెట్టవచ్చు. ఏదీ లేక, ఈ ఒక్క గుర్తింపు మీదే కేసు నిలబడి ఉంటే మాత్రం సంశయ లబ్ధి అడగడానికి మీకు బలమైన ఆధారం ఉంది. హంతకుడు ఆకుపచ్చ మంకీ క్యాప్ పెట్టుకున్నాడని చెప్పిన ఒక హత్య కేసులో, పరేడ్ లేకుండా కోర్టులో జరిగిన గుర్తింపును నమ్మలేమని సుప్రీంకోర్టు 2024 జులైలో పి. శశికుమార్ అనే ముద్దాయిని విడుదల చేసింది. మీ సాక్షి విచారణ ముగిసిపోయి, పైన చెప్పిన ప్రశ్నలు అడగకుండా మిగిలిపోయి ఉంటే, నాగరిక్ సురక్షా సంహిత 348వ సెక్షను కింద అతన్ని మళ్లీ పిలిపించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నేను రాయగడలో చిన్న టిఫిన్ హోటలు నడుపుతాను. రెండేళ్ల క్రితం మా హోటలు ఎదుట ఒకతన్ని చంపి ఇద్దరు మోటారు సైకిలు మీద పారిపోయారు. వెనక కూర్చున్నవాణ్ణి నేను రెండు మూడు క్షణాలు చూశాను. పరేడ్‌లో ఒకతన్ని చూపించి ‘ఇతనిలా ఉన్నాడు’ అన్నాను. కాగితంలో ‘ఇతనే’ అని రాశారని ఇప్పుడు తెలిసింది. వచ్చే నెల కోర్టుకు రమ్మని సమను వచ్చింది. మాట మార్చినందుకు నన్నే జైల్లో పెడతారా?
– ఒక సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, మీరు మాట మార్చడం లేదు, మీ మాటను వెనక్కి తెచ్చుకుంటున్నారు. ‘లా’ అన్న ఒక్క అక్షరానికి మన భాషలో ఉన్న బరువు వేరే భాషలోకి రాసేటప్పుడు చాలాసార్లు జారిపోతుంది. ‘ఇతనే’కి, ‘ఇతనిలా ఉన్నాడు’కి మధ్య ఒక మనిషి జీవితమంతా ఉందని మీకు తెలిసింది కనుకే మీరు ఈ ఉత్తరం రాశారు.

కోర్టులో మీరు ఆ రోజు అన్నదే అనండి: రెండు మూడు క్షణాలు చూశాను, ఇతనిలా ఉన్నాడనుకున్నాను, ఇతనేనని చెప్పలేను. తెలిసి తెలిసి అబద్ధం చెప్పినప్పుడే తప్పుడు సాక్ష్యం నేరమవుతుంది. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను శిక్షించేది దాన్నే. తెలియనిది తెలియదనడం నేరం కాదు. ప్రాసిక్యూటరు మిమ్మల్ని ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని అడిగి గట్టిగా ప్రశ్నించవచ్చు, ఆ మాట విని బెదిరిపోకండి. అది ప్రశ్నలు అడగడానికి కోర్టు ఇచ్చే అనుమతే గాని మీ మీద నేరారోపణ కాదు. ఒక్క జాగ్రత్త తప్పనిసరిగా పాటించండి. మీ సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని మీకు చదివి వినిపించాలి, వేరే భాషలో రాసి ఉంటే మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షను ప్రకారం ఇది మీ హక్కు. అప్పుడు మళ్లీ ‘లా’ పోయి ఉంటే అక్కడే, జడ్జిగారికే చెప్పండి. దిద్దడమో, మీ అభ్యంతరాన్ని రాసి పెట్టడమో చేస్తారు. ఎవరైనా బెదిరిస్తున్నారని మీకు భయముంటే సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని దేశమంతటా అమలు చేయమని చెప్పింది.

ప్రశ్న: గుర్తింపు పరేడ్‌కు ముద్దాయి ఒప్పుకోకపోతే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టేనా? తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదన్న రాజ్యాంగం 20(3) అధికరణం అతన్ని కాపాడదా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, బరంపురం

జవాబు: కాపాడదు. వరసలో నిలబడి మొహం చూపించడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని, కనుక 20(3) అధికరణాన్ని చూపి పరేడ్‌ను తిరస్కరించడం కుదరదని ముఖేష్ సింగ్ కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అకారణంగా తిరస్కరిస్తే కోర్టు దాన్ని అతనికి ప్రతికూలంగా పరిగణించవచ్చు, కాని ఆ ఒక్కదానితోనే నేరం రుజువు కాదు. పోలీసులు తనను ముసుగు లేకుండా సాక్షుల ఎదుట తిప్పారనో, ఫోటో బయటికి పోయిందనో కారణం ఉంటే అది వేరే సంగతి. అయితే ఆ కారణాన్ని మేజిస్ట్రేటు ఎదుట ఆ రోజే చెప్పి రాయించుకోవాలి, ఏ రోజున, ఎక్కడ, ఎవరికి చూపించారో వివరంగా చెప్పాలి. విచారణ చివర ముద్దాయిని ప్రశ్నించేటప్పుడు మొదటిసారి బయటపెట్టిన కారణాన్ని కోర్టులు తరవాత అల్లుకున్నదిగానే చూస్తాయి.